అన్నకు తెలియని కుట్టు

ఆ వీధిలో వాళ్ళిద్దరినీ పేర్లతో పిలిచేవాళ్ళు లేరు. అన్న పెద్ద మాస్టరు, తమ్ముడు చిన్న మాస్టరు. అన్న బట్ట కోస్తాడు, తమ్ముడు కుడతాడు. అన్న మాట్లాడతాడు, తమ్ముడు వింటాడు. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో అన్న, వదిన, చిన్న మాస్టరు, అంతే. చిన్న మాస్టరు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అతని బదులు అన్నే చెప్పేవాడు.

"చూశాం లెండి చాలా. ఎక్కడా కొలతలు కుదరలేదు."

వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. చిన్న మాస్టరు మిషను తొక్కుకుంటూ ఉండేవాడు.

పెద్ద మాస్టరు బెల్టు పెట్టుకోడు. దర్జీ అన్నవాడికి బెల్టు నామోషీ అంటాడు. ఆయన ప్యాంటు నడుం దగ్గర ఒక వేలు దూరాలి, రెండోది దూరకూడదు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి వేలు పెట్టి చూసుకుని, ఒంట్లో బాగానే ఉందని నమ్మకం కుదిరాక కిందికి దిగుతాడు. బరువు మాత్రం చూసుకోడు. మందుల షాపు ముందు బరువు చూసే మిషను ఉంటే, దాన్ని తప్పించుకోవడానికి రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.

అది చాదస్తం కాదని చిన్న మాస్టరుకు తెలుసు. వాళ్ళ నాన్న కూడా దర్జీయే. ఏ జబ్బుతో పోయాడో ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు, 'నాన్న జబ్బు' అంటారు. నాన్న చిక్కిపోతూ చిక్కిపోతూ బెల్టుకి కన్నం మీద కన్నం పొడిపించుకున్నాడు. పొడిచింది పెద్దకొడుకే. ఒక్కో కన్నం పొడిచినప్పుడల్లా నాన్న "ఇదే ఆఖరుదిరా" అనేవాడట. అప్పటినుంచి అన్నకు మనుషులు సన్నబడితే భయం. కొలతలకు వచ్చినవాళ్ళెవరైనా కిందటిసారికన్నా తగ్గితే ఆయన ముఖం మాడిపోయేది. "ఏం తినడం లేదా, పెళ్ళాం పస్తులు పెడుతోందా" అని హాస్యం ఆడేవాడు గాని, ఆ టేపు చుట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండేది కాదు.

ఇంకొకటి ఉంది. నాన్న జబ్బుకి కొత్త మందు కనిపెట్టారని పేపర్లో ఏ మూల పడినా ఆయన కంటికి దొరికిపోయేది. కత్తెర పక్కన పెట్టి పైకి చదివేవాడు. చిన్న మాస్టరుకు చదువు అంతంతమాత్రం, అన్న చదివితేనే అతనికి లోకం తెలిసేది.

"విన్నావురా? ఈ మందు రోగాన్ని కొట్టదట. మన ఒంట్లోనే కాపలావాళ్ళు ఉంటారట, వాళ్ళను నిద్ర లేపుతుందట. దొంగ ఇంట్లో ఉన్నాడు, లేవండ్రా అని. వాళ్ళే లేచి తన్నేస్తారు."

కొలతలిస్తున్న స్కూలు మాస్టారు చేతులు పైకెత్తే అన్నాడొకసారి. "ఏడాదికొక మందు వస్తూనే ఉంది మాస్టరూ మీ దుకాణంలోకి. జబ్బు మాత్రం ఎక్కడికీ పోవడం లేదు."

"పోతుందండీ. నేను పోయేలోపు అది పోతుంది. చెయ్యి కాస్త దించండి."

ఆ నమ్మకంతోనే ఆయన బతుకుతున్నాడని చిన్న మాస్టరు అనుకునేవాడు. మనిషికి ఏదో ఒకటి ఉండాలి గదా.

ఒకరోజు అన్న బట్టల బేరానికి బజారుకు వెళ్ళినప్పుడు వదిన కిందికి వచ్చింది. చేతిలో అన్న బూడిదరంగు ప్యాంటు.

"అబ్బాయ్, దీన్ని నడుం దగ్గర కాస్త లోపలికి పట్టు."

చిన్న మాస్టరు తల ఎత్తి చూశాడు.

"పొద్దున అద్దం ముందు నిలబడ్డాడు మీ అన్న. రెండు వేళ్ళూ దూరాయి. ఎంతసేపు అలా నిలబడ్డాడో. పాలు కూడా తాగలేదు. బట్ట సాగింది లెండి, ఉతికి ఉతికి పాతదైంది గదా అన్నాను. నమ్మినట్టే ఉన్నాడు." ఆమె ప్యాంటు బల్లమీద పెట్టింది. "తెలియకుండా పట్టాలి. నీ కుట్టు ఎవరికి కనిపిస్తుంది గనక."

"డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం వదినా."

"ఆ మాటంటే అసలే తినడు. కాస్త భయం పోనీ. నెమ్మదిగా చెబుదాం."

అతను ప్యాంటు తిరగేశాడు. వెనకాల మధ్య కుట్టు విప్పి, రవ్వంత లోపలికి తీసుకుని, పాత దారం రంగే వెతికి మళ్ళీ కుట్టాడు. ఇస్త్రీ పెట్టేసరికి కొత్తగా కుట్టిందేదో పాతదేదో అతనికే తెలియలేదు. మర్నాడు అన్న ఈల వేసుకుంటూ కిందికి దిగాడు. రెండు రొట్టెలు తిన్నాడట. వదిన మెట్ల మీద నుంచి తమ్ముడి వైపు చూసి తల ఊపింది. చిన్న మాస్టరుకు ఆ పూట ప్రాణం హాయిగా ఉంది. ఇంత చిన్న పనితో ఒక మనిషికి అన్నం సయిస్తే అంతకన్నా ఏం కావాలనిపించింది.

తరువాత నల్ల ప్యాంటు వచ్చింది. తరువాత మళ్ళీ బూడిదరంగుది. వదిన ఏమీ చెప్పేది కాదు, ఇస్త్రీ బట్టల కింద పెట్టి పోయేది. అతనూ ఏమీ అడిగేవాడు కాదు. నెమ్మదిగా చెబుదామనుకున్న మాట నెమ్మదిగానే ఉండిపోయింది. ఒకసారి కుట్టు విప్పుతూ లోపలికి తీసుకున్న బట్టంతా చేత్తో పట్టి చూశాడు. పిడికిట్లోకి వచ్చింది. అయినా కుట్టాడు. ఇప్పుడు ఆపితే అన్నకు ఒక్కసారిగా తెలిసిపోతుంది. మొదట్లో చెప్పి ఉంటే కొంచెమే చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు ఇంత చెప్పాలి.

ఈలోగా అన్నకు ముద్ద దిగడం కష్టమైంది. రొమ్ము మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టుందనేవాడు. ఎలాగో బతిమాలి వీధిలోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు చిన్న మాస్టరు. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. బరువు చూసే మిషను మూలన ఉంది గాని దాని మీద మందుల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు.

"బరువేమన్నా తగ్గారా?"

"లేదు డాక్టరుగారూ. మిషను అక్కర్లేదు నాకు. నేను దర్జీని. ఏళ్ళ తరబడి ఇవే ప్యాంట్లు, ఇదే నడుం. ఇదిగో, చూడండి." అన్న లేచి నిలబడి నడుంలో వేలు దూర్చి చూపించాడు. "ఒక వేలు. రెండోది పోదు."

డాక్టరు నవ్వాడు. "అంతకన్నా సాక్ష్యం ఏముంది. అయితే భయం లేదు, గ్యాసు అయి ఉంటుంది. మాత్రలు రాస్తాను, తగ్గకపోతే రండి."

చిన్న మాస్టరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మాట నోటి దాకా వచ్చింది. అన్న వేలు ఇంకా నడుం దగ్గరే ఉంది. ముఖంలో పరీక్ష పాసైన పిల్లవాడి సంతోషం. బయటికి వచ్చాక చెబుదాంలే, డాక్టరుకు తరువాత ఒక్కడినే వచ్చి చెబుదాంలే అనుకున్నాడు. రాలేదు. మాత్రలు వేసుకున్నాక అన్నకు నాలుగు రోజులు కాస్త తెరిపిచ్చింది. ఆ తెరిపి చూసి అందరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలోనే చాలా రోజులు గడిచిపోయాయి. తరువాత ఏ పని చేస్తున్నా చిన్న మాస్టరు మనసు ఆ గదిలోకే పోయేది. ఆ గోడ, ఆ అట్టపెట్టెలు. ఒక్క మాట అంటే సరిపోయేది గదా అనుకునేవాడు. 'ప్యాంటు నేను పట్టాను' అని. అంతే గదా.

నీళ్ళు కూడా మింగలేని రోజు పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పంపారు. నాన్న జబ్బే. అన్నవాహికలో.

ఆ డాక్టరమ్మ నడివయసు మనిషి. మాట మెల్లగా ఉంటుంది గాని ముసుగు ఉండదు. మొదట అన్నను బరువు మిషను ఎక్కించింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఎక్కడం. అంకె చూసి అన్న మిషను పాడయిందన్నాడు. నర్సు దిగమని మళ్ళీ ఎక్కించింది. అదే అంకె.

"ఇంకాస్త ముందు వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళం," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కుదరదు. అయినా దారి లేకపోలేదు. కొత్త మందు ఒకటి ఇస్తున్నాం ఇక్కడ, సెలైనులాగా ఎక్కిస్తాం. మీ ఒంట్లో ఉన్న రక్షణే..."

"కాపలావాళ్ళను లేపుతుంది," అన్నాడు అన్న. కళ్ళు మెరిశాయి. "తెలుసమ్మా. చదివాను."

"అవును, అదే. దాంతోపాటు ఈ జబ్బుకి ఎప్పటినుంచో ఇచ్చే పాత మందు కూడా గట్టిగానే ఇవ్వాలి. ఒంట్లో సత్తువ ఉండాలి. లేకపోతే లేచిన కాపలావాళ్ళు సొంత ఇంటిమీదే పడతారు. ఇప్పుడున్న బరువుకు నేను ఇవ్వలేను. ముక్కులోంచి సన్న గొట్టం వేసి ఆహారం పంపుదాం. కొన్ని వారాల్లో ఈ గీత దాటండి," అంటూ కాగితం మీద ఒక అంకె వేసింది. "దాటితే మొదలుపెడతాను."

బయట వరండాలో అన్న ముఖం తుడుచుకోవడానికి వెనక జేబులో చెయ్యి పెట్టాడు. చేతిరుమాలు ఆ జేబులో లేదు. రెండో జేబు కోసం చెయ్యి అటు జరిపాడు. జరపవలసిన పని లేకపోయింది. రెండు జేబులూ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. వెనక మధ్య కుట్టు అంత లోపలికి పోతే జేబులు దగ్గరికి వచ్చేస్తాయి. అది ఎవరికి తెలియకపోయినా కటింగు మాస్టరుకు తెలుస్తుంది. ఆయన ఆ రెండు జేబుల మధ్య వేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. చిన్న మాస్టరు చూశాడు.

"ఇంటికి పోదాం పదరా," అన్నాడు అన్న. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారాలన్నీ ఇంట్లో ఒకటే పని. వదిన పాలు, గుడ్లు, సూపు, డాక్టరమ్మ ఇచ్చిన పొడి కలిపి వడకట్టేది. చిన్న మాస్టరు గొట్టంలో కొంచెం కొంచెంగా పోసేవాడు. అన్న ఓపిక ఉన్నప్పుడు హాస్యాలాడేవాడు. "నోరు లేకుండానే విందు చేస్తున్నాం చూశావా, రుచి బాలేదని వంకపెట్టే వీలు కూడా లేదు మీ వదిన మీద." ఆ కొత్త మందు ఎక్కించుకుని లేచినవాళ్ళ సంగతులు చెప్పేవాడు. ఎవరో డ్రైవరట, మళ్ళీ లారీ తోలుతున్నాడట. ఎవరో టీచరమ్మట, మనవరాలి పెళ్ళి చేసిందట. అలా చెబుతూ ఉంటే గొంతులో పాత ధాటి వచ్చేది.

బరువు పెరగలేదు. తగ్గడం ఆగింది, అంతే. ఆసుపత్రికి పోవలసిన రోజు దగ్గరపడింది. చిన్న మాస్టరు ఒక ఆఫీసు వాళ్ళ పరదాలు కుడుతున్నాడు. పరదా గాలికి లేవకుండా అంచుల్లో సీసపు బిళ్ళలు వేసి కుడతారు. అన్న కుర్చీలో కూర్చుని ఆ బిళ్ళల డబ్బా వంకే చూస్తున్నాడు.

"ఒరే, నా కోటు తీసుకురా."

తెచ్చాడు.

"దీని అస్తరు లోపల ఆ బిళ్ళలు పరిచి కుట్టు. అంచు బరువుగా వేలాడకూడదు, ఒళ్ళంతా సమంగా పడాలి. డబ్బాలో సగం పడితే చాలు, గీత దాటతాను."

చిన్న మాస్టరు కోటు పట్టుకుని నిలబడిపోయాడు.

"తప్పు గదన్నా. డాక్టరమ్మ చెప్పింది గదా, సత్తువ లేకపోతే..."

"నన్ను అడక్కుండా ఇన్నాళ్ళు కుట్టావు," అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "అప్పుడు తప్పు కనబడలేదు. ఇప్పుడు నేను నోరు తెరిచి అడుగుతుంటే నీతులు చెబుతున్నావా?"

"అన్నా..."

"నువ్వొక్కడివే కాదులే, మీ వదిన చేయించి ఉంటుంది. ఇద్దరూ నా మీద ప్రేమతోనే చేశారు. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. దాని ఖరీదు మాత్రం నేను కడుతున్నాను గదా. ఆ మందు నాకు కావాలిరా. నాన్నకు లేదు. నాకు ఉంది. ఇంత దూరం వచ్చి గుమ్మంలో ఆగిపొమ్మంటావా?"

మెట్ల మీద వదిన నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. "కుట్టు నాయనా," అంది. "మందు పడితే తనే తేరుకుంటాడు. నీకు దణ్ణం పెడతాను."

ఆమె దణ్ణం పెట్టేలోపే అతను కోటు అస్తరు విప్పాడు. ఒక్కో బిళ్ళా చిన్న సంచిలాగా కుట్టిన బట్టలో పెట్టి, ఒకదానికొకటి తగలకుండా, చప్పుడు కాకుండా పరిచాడు. తన జన్మలో అంత శుభ్రంగా ఏదీ కుట్టలేదు. వేసుకుని చూసి అన్న, "పెళ్ళికొడుకులా లేనూ?" అన్నాడు. వదిన నవ్వబోయి లోపలికి వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో చలిగా ఉంది. నర్సు కోటు తీయమంది. "చలేస్తోందమ్మా, ఎముకలు తప్ప ఏమీ లేనివాణ్ణి, కోటు ఎంత బరువుంటుంది," అన్నాడు అన్న. బయట జనం చాలా ఉన్నారు. నర్సు సరేనంది. మిషను ముల్లు గీత దాటింది.

డాక్టరమ్మ చూసి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె ముఖం విచ్చుకోవడం చిన్న మాస్టరు అదే మొదటిసారి చూడటం. "మంచి పని చేశారు," అంది. "నేను అనుకోలేదు. ఇవాళే మొదలుపెడదాం. ఈ బరువుకు సరిపడా మోతాదు కట్టమని చెబుతాను." కలం తీసింది.

అన్న తమ్ముడి వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నాడు. భుజాలు కిందికి జారాయి, చాలాకాలం మోసిన మూట దింపినట్టు.

చిన్న మాస్టరు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇది వేరే గోడ. ఆమె కలం కాగితం మీద ఆనింది. ఆ బరువుకు మోతాదు. అన్నకు లేని బరువుకు. సీసానికి మందు వేస్తారా అనిపించింది. లోపల కాపలావాళ్ళు లేచి సొంత ఇంటిమీద పడుతుంటే తను గొట్టంలో పాలు పోస్తూ కూర్చోవాలి. ఊరుకుంటే అన్న బతకవచ్చు. ఊరుకుంటే అన్న ఇవాళే పోవచ్చు. ఏది ఏమిటో చెప్పడానికి తను ఎవరు? ఊరుకోవడం మాత్రం ఒకసారి చేసి చూశాడు.

"అమ్మా," అన్నాడు. "కోటు తీయించండి."

అన్న కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ లేచి వచ్చి కోటు అంచు చేత్తో పట్టుకుంది. బరువు చూసింది. అస్తరు మీద వేళ్ళు పోనిచ్చింది. "ఎవరు కుట్టారు?"

"నేనేనమ్మా."

"కుట్టమన్నది నేను," అన్నాడు అన్న.

"అంతకు ముందువి కూడా నేనే," అన్నాడు చిన్న మాస్టరు. ప్యాంట్ల సంగతి, వీధి డాక్టరు సంగతి, అంతా చెప్పాడు. జన్మలో ఒక్క ఊపున అన్ని మాటలు ఆడలేదతను. చెబుతున్నకొద్దీ డాక్టరమ్మ ముఖం మళ్ళీ పాత ముఖమైంది. ఆమె కోప్పడలేదు. కోటు తీసి కొక్కేనికి తగిలించి, అన్నను మళ్ళీ మిషను ఎక్కించింది. రాసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"ఈ మోతాదు ఎక్కించి ఉంటే మీరు తట్టుకునేవారు కాదు, బహుశా," అంది.

"బహుశా," అన్నాడు అన్న.

ఆమె ఇంకో కాగితం తీసుకుంది. ముద్ద దిగడానికి అన్నవాహికలో చిన్న గొట్టం ఒకటి పెడతామంది, పాత మందు తక్కువ మోతాదులో మొదలుపెడదామంది, గీత దాటిన రోజు కొత్తదాని సంగతి చూద్దామంది. అన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటుండగా చిన్న మాస్టరును పక్కకు పిలిచి, ఆ గీత దాటడం కష్టమేనని, అయినా ప్రయత్నం మానవద్దని చెప్పింది. అతను తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. కోటు చిన్న మాస్టరు ఒళ్ళో ఉంది, బరువుగా. అన్న కిటికీ పక్కన. ఎన్ని స్టాపులు పోయాయో ఆయన బయటి దుకాణాలే చూస్తూ కూర్చున్నాడు. ఇక తనతో మాట్లాడడని చిన్న మాస్టరు సిద్ధపడ్డాడు. మాట్లాడవలసిన చోట నోరు మూసుకున్నాడు, ఇవాళ తెరిచాడు. రెండుసార్లూ నష్టం అన్నకే. ఏది తప్పో, రెండూ తప్పేనో, ఏదీ కాదో తనకు అంతు చిక్కదు. ఒకటి మాత్రం తెలుసు. మొదటి ప్యాంటు తెచ్చిన రోజునే వదినతో కాదని ఉంటే రెండో దానికి అవసరమే ఉండేది కాదు. కొత్త మందు కూడా అక్కర్లేకపోయేదేమో.

ముందు సీట్లో ఆడమనిషి పసిబిడ్డను భుజాన వేసుకుని ఉంది. ఆ బిడ్డ అన్న వంక చూసి నవ్వింది. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు పోయాక కిటికీ వైపు తిరిగే అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంది?"

"వచ్చే నెల."

"అప్పటికి పెంచుదాం." వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు. "ఆ పొడి పాలలో కాకుండా సూపులో కలిపితే ఎక్కువ పోతుందేమో. పెరుగుతానంటావా?"

పెరగడం కష్టమని డాక్టరమ్మ చెప్పిన మాట చిన్న మాస్టరు చెవిలో ఇంకా ఉంది. అన్న ఇటు తిరిగి అతని ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు, అంతే.

"కష్టమేనట అన్నా," అన్నాడు చిన్న మాస్టరు. "అయినా చూద్దాం."

అన్న మెల్లగా తల ఊపి, ఎండ తన మీద పడకుండా తమ్ముడి వైపు కాస్త జరిగి కూర్చున్నాడు.